ముందే ముట్టిన కిరాయి

తొమ్మిదో భాగం

పోయిన వారం భూదవ్వను కామారెడ్డి ఆసుపత్రిలో తెల్లగుడ్డ కింద వదిలి వచ్చాం. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే వాడకట్టులో డెబ్బై ఆరేళ్లు బతికిన మనిషి, మంచం మీద మూడు రోజులు ఊపిరి కోసం కొట్టుకుని, పొద్దున కన్ను మూసింది. పక్కన కూతురు గంగమణి ఒక్కతే ఉంది. ఏడవడానికంటే ముందు ఆమె ఒక ఫోన్ చేసింది. “కాకా, అవ్వ పోయింది” అంది. అవతల ఉన్నది ముసలి భీమ్‌సింగ్. “వస్తున్న బిడ్డా. నేనే తీస్కపోత” అన్నాడు. అక్కడ ఆగాం.

ఈ వారమే మొదటిసారి చదువుతున్న వాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ముసలాయన ఆరాటం అర్థం కాదు.

ఇరవై ఆరేళ్ల కింద భూదవ్వ పెనిమిటి కూడా ఇదే కామారెడ్డిలో చనిపోయాడు. శవాన్ని ఎల్లారెడ్డికి తేవడానికి ఒక్క జీపు కూడా ఒప్పుకోలేదు. శవం ఎక్కిన బండిలో మళ్లీ జనం ఎక్కరని జీపుల వాళ్ల భయం. చివరికి యూరియా తీసుకుపోతున్న ఒక ట్రాక్టరును బతిమాలి, బస్తాల మీద పడుకోబెట్టి తెచ్చుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా తల పక్కకు జారుతుంటే, నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి ఆ తలను ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆ ముచ్చట వాడకట్టులో ఆడవాళ్లందరికీ బెంగగా పట్టుకుంది. చావు గురించి కాదు వాళ్ల బెంగ. చచ్చాక ఇంటికెట్లా రావాలి అని.

సరిగ్గా అప్పుడే లింగంపేట దగ్గరి తండా నుంచి భీమ్‌సింగ్ పాత జీపు ఒకటి కొందామని బయానా పైసల కోసం తిరుగుతున్నాడు. భూదవ్వ పద్నాలుగు మందిని కూడగట్టింది. తలా నాలుగు వందలు ఇచ్చారు. ఒకటే షరతు. తమలో ఎవరు ఎక్కడ పోయినా భీమ్‌సింగ్ తన బండిలో తెచ్చి ఇంటి ముందు దింపాలి. అప్పుడు మళ్లీ కిరాయి అడగొద్దు. భీమ్‌సింగ్ జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి సరేనన్నాడు. అప్పట్లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి జీపు మొత్తం మాట్లాడుకుంటే కిరాయి మూడు వందలు. భూదవ్వే మిగతావాళ్లతో వంద ఎక్కువ వేయించింది, ముందు ముందు ధరలు పెరుగుతాయి కదా అని. పిచ్చి తల్లి, రాబోయే కాలాన్నంతా వంద రూపాయల్లో సర్దింది.

భీమ్‌సింగ్ మాట తప్పలేదు. బయట పోయిన వాళ్లను తెచ్చాడు. ఇంట్లోనే పోయిన వాళ్లకు, చుట్టాలను వెళ్లి తోలుకొచ్చాడు. పద్నాలుగు మందిలో భూదవ్వ కాక ఇప్పుడు మిగిలింది యాదవ్వ, కమలవ్వ మాత్రమే.

ఇక ఈ వారం సంగతి.

భీమ్‌సింగ్ వచ్చాడు. అయితే తను నడుపుకుంటూ రాలేదు. కళ్లలో శుక్లాలు ముదిరి, ఒక కంటికే ఆపరేషన్ అయి, స్టీరింగ్ వదిలేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బండి కొడుకు తేజ్యాది. పాత జీపును అమ్మగా వచ్చిన దానికి ఫైనాన్సు కలిపి కొన్న, పదిమంది పట్టే తుఫాన్ జీపు. “కామారెడ్డిల కిరాయి ఉన్నది, నడువు” అని మాత్రమే చెప్పి ముసలాయన కొడుకును బయల్దేరదీశాడు. రాజంపేట వాళ్లు పిల్లను చూడడానికి పోతూ అదే రోజుకు మాట్లాడుకున్న కిరాయిని తేజ్యా తండ్రి మాట మీద వదులుకుని వచ్చాడు. ఏం కిరాయో ముసలాయన దారిలో చెప్పలేదు. అడిగితే కిటికీ లోంచి బయటికి చూశాడు.

ఆసుపత్రి వెనక, శవాల గది ముందు రేకుల కింద తేజ్యా బండి ఆపాడు. గంగమణి అక్కడే నేల మీద కూర్చుని ఉంది. పక్కనే ఆసుపత్రి ఉచిత బండి నిలబడి ఉంది. దాని డ్రైవర్ యాకూబు మంచివాడు. “ఎప్పుడంటే అప్పుడు తీస్త అక్కా, నిమ్మళంగ చెప్పు” అని అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి పోయాడు. మా కాక వస్తున్నాడని గంగమణి రెండుసార్లూ అతన్ని వెనక్కి పంపింది.

తేజ్యా కిందికి దిగి, ఆ గదినీ గంగమణినీ చూశాడు. చూడగానే అర్థమైంది.

“బా” అన్నాడు. తండాలో తండ్రిని అట్లాగే పిలుస్తారు. “కిరాయి అంటివి. పీనుగనా?”

“భూదవ్వ.”

“కిరాయి ఎవలిస్తరు?”

“ముందే ముట్టింది.”

“ఎప్పుడు?”

“నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు. పద్నాలుగు మంది తలా నాలుగొందలు ఇచ్చిన్రు.”

తేజ్యా నవ్వబోయాడు. తండ్రి మొహం చూసి మానుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి అప్పుడప్పుడు శవాలు తేవడం అతనికి గుర్తుంది. ఇంటికొచ్చి జీపు కడిగి, నిమ్మకాయలు కట్టి, రెండు రోజులు పనికి పోకుండా కూర్చునేవాడు. అదంతా ధర్మానికి చేస్తున్నాడని అనుకున్నాడు తేజ్యా. తలా నాలుగు వందలు తీసుకుని చేశాడని తెలియడం ఇదే మొదలు.

తేజ్యాను చెడ్డవాణ్ణి చేస్తే నాకు ఈ భాగం రాయడం తేలికవుతుంది. కానీ అతను చెడ్డవాడు కాడు. బండి కొన్నప్పటి నుంచి అతను ప్రతిదాన్నీ లీటర్లలో చూస్తున్నాడు, అంతే. బిడ్డకు చెప్పులు కొంటే మూడు లీటర్లు. ఇంటికి చుట్టాలొస్తే కోడి, రెండున్నర లీటర్లు. తండ్రి జీపు నడిపిన రోజుల్లో లీటరు డీజిలు పదిహేను రూపాయలు, ఇప్పుడు వందకు దగ్గర. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక అతని బండిలో సగం సీట్లు ఖాళీ. అది తప్పని కూడా అనలేడు. అతని భార్యే అదే బస్సెక్కి తల్లిగారింటికి పోయి వస్తుంది. నెల మొదట్లో ఫైనాన్సు కంతు కట్టకపోతే మాత్రం మనుషులు ఇంటికొస్తారు. కిందటి నెల వచ్చారు కూడా.

“బా, జర ఇను” అన్నాడు తేజ్యా. “ఈడ పైసల్లేకుంట ఊకెనే పోయే బండి ఉన్నది. ఆమెను మంచిగ ఇంటికి దింపుతది. మన బండిల ఎక్కిస్తే రెండు రోజులు కిరాయి ఉండది. తండ్లాట ఎందుకు?”

“నేను జబాన్ ఇచ్చిన.”

“నాలుగొందలకు ఇచ్చినవు. నాలుగొందలకు ఇప్పుడు నాలుగు లీటర్లు గూడ నిండుగ రాదు. ఈడికెల్లి ఎల్లారెడ్డి దాక సుత సాలది.”

“అప్పుడు సాలింది గదరా.”

“అప్పటి ముచ్చట ఇప్పుడు నడ్వది బా.”

గంగమణి ఇదంతా వింటూ కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది కానీ ఏడవడం లేదు. ఆమెను చూసి తేజ్యాకు జాలేసింది. నిజంగానే వేసింది. జేబులోంచి ఐదు వందల నోటు తీసి ఆమె ముందు పట్టాడు.

“అక్కా, తప్పు పట్టకు. మా బా నాలుగొందలు తీసుకున్నడు. ఇగో, ఐదొందలు. వంద ఎక్కువనే ఇస్తున్న. దినాలకు అక్కెరకొస్తయి. లెక్క తెగింది.”

అతని మనసులో అది పెద్దమనిషితనమే. అక్కడే అంతా తెగింది.

గంగమణి నోటు ముట్టుకోలేదు. “నాలుగొందలంటే ఎంతనో ఎరుకనా తమ్మీ నీకు?” అంది మెల్లగా. “అప్పుడు వెయ్యి బీడీలకు ముప్పై రూపాయల చిల్లర. చాట ఒళ్లె పెట్టుకుని, బువ్వ తినేటప్పుడు తప్ప లేవకుంట రెండు వారాలు చుట్టింది మా అవ్వ. ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె ఏలు వంకర పోయింది. గవ్వే బీడీలు నేను ఇప్పుడు చుడితే మూడు వేలు. నువ్వు ఐదొందలు పట్టి లెక్క తెగిందంటున్నవు.”

“మీకు బీడీలకు పెరిగింది గదక్కా. నాకేం పెరిగింది? డీజిలు పెరిగె, టైరు పెరిగె, ఇన్సూరెన్సు పెరిగె. సీటుకు పది రూపాయలు ఎక్కువ అడిగితే మనుషులు దిగి పోతరు.”

“మాకు పెరిగిందా? నెలంత పని ఉంటుండె. ఇప్పుడు పదిరోజులు ఆకు ఇచ్చి, పండుకో పొమ్మంటున్రు.”

ఇద్దరి మాటా నిజమే. యాకూబు తన బండికి ఆనుకుని వింటూ రెండు వైపులా తలూపాడు. ఇట్లాంటి చోట ఇట్లాంటి తగాదా పెట్టుకున్న ఈ ఇద్దర్నీ చూస్తే కోపం రాదు నాకు. ఏడుపొస్తుంది. ఇద్దరూ రోజంతా వంచిన నడుము ఎత్తకుండా పని చేసేవాళ్లే. ఒక శవం ముందు నిలబడి ఎవరి రూపాయి ఎక్కువ కరిగిందో తేల్చుకుంటున్నారు.

భీమ్‌సింగ్ మధ్యలోకి వచ్చాడు. “ఇగ బస్, ఆపుండ్రి. తేజ్యా, ఎనక సీట్లు మడువు. బిడ్డా, నువ్వు లే.”

గంగమణి లేచింది. లేచి తేజ్యా ఎదురుగా నిలబడింది.

“పైసల ముచ్చట ఇడిసిపెట్టు తమ్మీ. ఒక్కటి చెప్పు. సోమవారం పొద్దుగాల నీ ఫోన్ ఎవలెత్తిన్రు?”

తేజ్యా అర్థం కానట్టు చూశాడు.

“నేను చేసిన. నువ్వే ఎత్తినవు. మా అవ్వ నా చేతుల ఫోన్ గుంజుకుని మాట్లాడింది. ఏమన్నదో యాదికున్నదా?”

తేజ్యా చేతిలోని నోటును మడతపెట్టాడు.

“నేను చెప్త. నాకు యాదికున్నది. ‘తేజ్యా, నేను భూదవ్వను బిడ్డా. మీ నాయిన తాన నా కిరాయి ఒకటి ఉన్నది, నాలుగొందలు ముందే ఇచ్చిన. సచ్చినంక తెచ్చేటిది. గది ఇప్పుడే వాడుకుంట. దమ్ము ఆడ్తలేదు. నన్ను కామారెడ్డి దవాఖానకు తోల్కపో’ అన్నది. నువ్వేమన్నవు?”

ఎక్కడో లోపల గది తలుపు కొట్టుకుంటోంది. ఎవరూ పోయి మూయలేదు.

“నాలుగొందలకు డీజిలు రాదవ్వా, రెండువేల ఐదొందలైతే వస్త అన్నవు.”

రెండువేల ఐదు వందలు. తేజ్యాకు అది డీజిలు, సగం రోజు, కొంచెం మిగులు. పొద్దున్నే ఎవరు ఫోన్ చేసినా చెప్పే మామూలు ధర. అసలు బేరానికి రెండు వందలు తగ్గించేవాడు కూడా. కానీ ప్రతి మనిషి తలలో ధరలు ఏదో ఒక ఏడాది దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఏది కొన్నా ఆ ఏడాదితో పోల్చుకుని ఉలిక్కిపడుతూ బతుకుతాం. కామారెడ్డి స్టేషన్ ముందు చాయ్‌కి ఎంత ఇచ్చినా ‘చాయ్‌కి ఇంతనా’ అనే జాతి మనది. నేనూ అంతే. భూదవ్వ తలలో ధరలు ఆమె పెనిమిటి ఉన్న రోజుల దగ్గర ఆగాయి. రెండువేల ఐదు వందలు పెట్టి ఆమె ఒకసారి పాడి బర్రెను కొన్నది. ఆ బర్రె పాలతో ఇల్లు గడిచింది, గంగమణి పెరిగింది.

“ఫోన్ పెట్టేసి ఏమన్నదో ఎరుకనా?” అంది గంగమణి. “‘ఒక్క పూట దవాఖానకు పోనీకి బర్రె ధరనా? వద్దు బిడ్డా. బస్సు ఊకెనే ఉన్నది, బస్సుల పోదాం’ అన్నది. 108కు చేస్త అంటే చెయ్యి పట్టుకుంది. ఆ మోత బండి ఎక్కినోళ్లు మన గల్లీకి ఎవలన్న తిరిగి వచ్చిన్రా అన్నది. నేను ఎంత మొత్తుకున్నా ఇనలే. పైసలు లేవని కాదు తమ్మీ. నా చెవుల కమ్మలున్నయి. అవి కుదువ పెడ్త అన్న. ‘నీ కమ్మలు తీస్తే నేను దవాఖానల బతకను’ అన్నది. బస్సు దాక నడిచింది. బస్సుల మంది. తాడ్వాయి దాక నిలబడ్డది. ఈడికి వచ్చేవరకు పెదవులు నల్లగైనయి. డాక్టరమ్మ తిట్టింది నన్ను, ఇంత ఆలస్యం ఎందుకు చేసినవని. నేనేం చెప్పాలె? లెక్క చూసుకుంట కూసున్నమని చెప్పాలెనా?”

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆగిన ఏడుపంతా అప్పుడొచ్చింది.

తేజ్యాకు ఆ ఫోన్ గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? అప్పుడతను పెట్రోల్ బంకులో ఉన్నాడు. ఐదు వందలకు పొయ్యమని చెప్పి మిషను మీద అంకెలు చూస్తున్నాడు. లీటర్ల అంకె నత్తలా, రూపాయల అంకె గుర్రంలా పోతుంటే కళ్లు అక్కడే ఉన్నాయి. చెవిలో ఎవరో ముసలామె పాత కిరాయి, నాలుగొందలు, సచ్చినంక, మీ నాయిన అని ఏదో చెబుతోంది. ఏదో బాకీ వంక పెట్టి ఉచితంగా ఎక్కుదామని చూస్తున్నారనుకున్నాడు. రోజుకు ఇద్దరు ముగ్గురు అట్లాంటి వాళ్లు తగులుతారు మరి.

“నాకు ఎరుక లేదక్కా” అన్నాడు. “సచ్చినంక అన్నది. నాకేం సమజ్ కాలే. ఒట్టు.”

భీమ్‌సింగ్ గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కొడుకును తిట్టలేదు. తిడతాడని తేజ్యా ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

“గా కిరాయి ఆమెదే గదరా” అన్నాడు ముసలాయన. “ఎప్పుడు వాడుకుంటే ఏంది? సచ్చినంకనే వాడుకోవాలెనని నేనెప్పుడన్న? ఎందుకో ఏమో, అప్పుడు అందరం గట్లనే అనుకున్నం. మనిషి బతికుండంగ దవాఖానకు పోనీకి కిరాయి జమ చెయ్యాలెనని ఒక్కరికి తోచలే. నాకు సుత తోచలే.” కళ్లు తుడుచుకున్నాడు. “వారం వారం సంతల కనవడుతుండె. భీమ్‌సింగు మంచిగున్నవా అని అడిగేది. నా కిరాయి ఇంక ఉన్నదా అని నవ్వేది. ఉన్నదవ్వా అంటుంటి. ఒక్కసారన్న, గది ఇప్పుడే వాడుకో అవ్వా అనలే.”

తేజ్యా బండి దగ్గరికి పోయాడు. వెనక తలుపు తీసి, సీట్లు మడిచి, తన పడక దుప్పటి తెచ్చి పరిచాడు. ముడతలు లేకుండా చేత్తో సాఫు చేశాడు. వచ్చి గంగమణి ముందు నిలబడ్డాడు.

“అక్కా, లెవ్. తీస్కపోదాం.”

గంగమణి తల ఎత్తి ఆ పరిచిన దుప్పటిని చూసింది. తర్వాత యాకూబు వైపు తిరిగింది.

“అన్నా, నీ బండి తియ్యి.”

“బిడ్డా!” అన్నాడు భీమ్‌సింగ్.

“నీ మీద కోపం లేదు కాకా. అడిగినప్పుడు రాని బండి ఇప్పుడెందుకు? ఏ బండిల పోతున్నదో ఇప్పుడు ఆమెకు తెలుస్తదా?”

“నాకు తెలుస్తది గదా బిడ్డా. ఇరవై ఆరేండ్ల సంది మోస్తున్న. నీకు దండం పెడ్త. నా మాట ఖరాబ్ చెయ్యకు. నువ్వు వాన్ని తిట్టు, నన్ను తిట్టు. ఆమెను మాత్రం నా బండిల ఎక్కనియ్యి.”

అంత పెద్దమనిషి అట్లా చేతులు జోడిస్తే చూడలేక గంగమణి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. ఆమెను ఎత్తుకుని ఆడించిన మనిషి కాకపోయినా, ఆమె మేనమామలు రాని పెండ్లికి జీపు నిండా చుట్టాలను తెచ్చి పోసిన మనిషి. అయినా మనసు వంగలేదు. తల్లి బస్సు రాడ్డు పట్టుకుని నిలబడిన తీరు కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

“అవ్వ కిరాయి నీ తాననే ఉండనియ్యి కాకా” అంది. అంతకంటే గట్టి మాట ఆమె తిట్టినా దొరికేది కాదు.

యాకూబు, ఆసుపత్రి మనుషులు కలిసి భూదవ్వను ఎక్కించారు. తేజ్యా కాళ్ల వైపు పట్టబోయాడు. గంగమణి వద్దనలేదు కానీ, అతను చెయ్యి వేసే లోపల తనే పట్టుకుంది.

ఉచిత బండి గేటు దాటింది. భీమ్‌సింగ్ తుఫాన్ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

“ఇంటికేనా బా?”

“ఎనకనే పో. ఇంటి ముంగట దింపేదాక.”

అట్లా రెండు బండ్లు కామారెడ్డి దాటాయి. ముందు ఒకటి, వెనక ఒకటి. వెనక బండిలో పరిచిన దుప్పటి మీద ఎవరూ లేరు. తేజ్యా లెక్క ప్రకారం చూస్తే అంతకంటే దండుగ ఉండదు. ఒక్క రూపాయి రాదు, ఒక్క మనిషి ఎక్కడు, డీజిలు మాత్రం మామూలుగా కాలుతుంది. అతను ఆ లెక్క వేయలేదు. బండి కొన్నాక లెక్క వేయకుండా నడిపిన మొదటి దారి అది.

తాడ్వాయి దగ్గర నలుగురు మగవాళ్లు చెయ్యెత్తారు. అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోయింది. తండ్రి చూస్తున్నాడని తీసేశాడు. “ఎల్లారెడ్డీ!” అని అరుస్తూ వాళ్లు కొంత దూరం ఉరికారు. మక్కలు ఆరబోసిన రోడ్డు పక్కన ఉచిత బండి నెమ్మదైతే తనూ నెమ్మదయ్యాడు. దాన్ని దాటకూడదని ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది.

“బా” అన్నాడు కొంతసేపటికి. “ఆమె గట్టిగ చెప్తె వచ్చేటోన్ని. పైసలు తర్వాత ఇయ్యి అవ్వా అనేటోన్ని. ఎందరికి అనలే నేను?”

“ఎరుకరా.”

“రెండువేల ఐదొందలు పెద్ద ముచ్చట కాదు బా ఇయ్యాల్రేపు.”

“నీకు కాదు” అన్నాడు తండ్రి. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే తేజ్యాకు కళ్లు మసకబారాయి. కిటికీ అద్దం దించుకుని గాలి పీల్చుకున్నాడు.

లింగంపేట ఊళ్లోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. బండి తోలుతున్నాడు కాబట్టి స్పీకర్ పెట్టి తండ్రి చేతికిచ్చాడు. యాదవ్వ మనవరాలు వినీత. ఎల్లారెడ్డిలో భూదవ్వది, యాదవ్వది పక్కపక్క గుమ్మాలు. నలభై ఏళ్లు చాట పక్కన చాట పెట్టుకుని బీడీలు చుట్టారు.

“తాతా, ఏడికి వచ్చిన్రు?” పిల్ల ఆయాసపడుతోంది. “భూదవ్వ ముచ్చట తెలిసిన సంది మా అవ్వ ఛాతి పట్టుకుని కూసున్నది. చెమటలు పోస్తున్నయి. దవాఖానకు పోదాం పా అంటే కదులుతలేదు. మీ బండి ఖాళీగ వస్తున్నదని గంగమణక్క చెప్పింది. జర మీరన్న చెప్పుండ్రి. తొందర రాండ్రి తాతా!”

తేజ్యా కాలు యాక్సిలరేటర్ మీద పడింది. అంతసేపు వెనకనే ఉన్న బండి మొదటిసారి భూదవ్వను దాటింది. దాటుతూ ఉచిత బండి కిటికీలో గంగమణి మొహం కనిపించింది. ఆమె చెయ్యి బయటికి పెట్టి, పో పొమ్మని ఊపింది.

“అవ్వకియ్యి బిడ్డా ఫోన్” అన్నాడు భీమ్‌సింగ్. “యాదవ్వా, నేను. వస్తున్నం. లేసి గుమ్మం కాడ కూసో. నీ కిరాయి ఉన్నది నా తాన. బండెక్కు.”

అవతల ఊపిరి చప్పుడు. తర్వాత సన్నగా మాట.

“భీమ్‌సింగూ, గదే గద నా రంది. నాకు ఒక్కటే కిరాయి ఉన్నది. పోవుడుకు ఇప్పుడు వాడుకుంటే, రేపు ఆడికెల్లి నన్ను తెచ్చేటోళ్లెవరు? పెనిమిటిని ట్రాక్టర్ల తెచ్చుకున్నది భూదవ్వ. నేను చూసిన. నేను రాను. నా కిరాయి గట్లనే ఉండనియ్యి.”

“ఓ యాదవ్వా, పిచ్చి మాటలు మాట్లాడకు...” ముసలాయన ఫోన్‌ను కొడుకు వైపు జరిపాడు. “బండి ఇప్పుడు నాది కాదు. నా కొడుకుది. వాడు ఇంటున్నడు. వాన్నే అడుగు.”

ఎల్లారెడ్డి ఇంకా కొన్ని మైళ్లుంది. తేజ్యా నోరు తెరిచాడు. ఊకెనే తోలుకపోతా అందామనుకున్నాడు. ఊకెనే అంటే ఆమె నమ్మదని, ఊకెనే వచ్చిన దాన్ని ఆ వాడకట్టులో ఎవరూ ఎన్నడూ నమ్మలేదని అతనికి తెలుసు. ఏదో ఒక ధర చెప్పాలి. ఎంత చెబితే ఆమె లేచి బండెక్కుతుందో అతనికి తెలియదు.

ఫోన్లో దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక, యాదవ్వ తనే అడిగింది.

“తేజ్యా, పోను రాను కలిపి ఎంత తీసుకుంటవు బిడ్డా?”